తొంభై రెండు గీతల లోతు

అమెరికా జియలాజికల్ సర్వే వందేళ్ల క్రితం అచ్చువేసిన పటాల్లో ‘బ్రైట్ ఏంజెల్’ షీటు ఒకటి. అరిజోనా ఎడారిని కొలరాడో నది నిలువునా కోసిన చోట, గ్రాండ్ కేన్యన్ నడిభాగాన్ని చూపే కాగితం అది. పటం భాగం నిలువు అరవై సెంటీమీటర్లకు కాస్త తక్కువ, అడ్డం యాభైకి కాస్త తక్కువ. వాడింది మూడు రంగులే. మనుషులు కట్టినవీ వాళ్లు పెట్టిన పేర్లూ నలుపు, నీరు నీలం, నేల ఎత్తుపల్లాలు గోధుమ రంగు. ఎడారి కాబట్టి నీలం చాలా తక్కువ. నలుపూ తక్కువే. తక్కిన కాగితమంతా వెంట్రుకంత సన్నటి గోధుమ రంగు గీతలు. కొన్ని చోట్ల అవి ఎంత దగ్గరగా చేరాయంటే, దూరం నుంచి చూస్తే అక్కడ ఎవరో రంగు పూశారనిపిస్తుంది. భూతద్దం పెడితే ఆ రంగు మళ్లీ గీతలుగా విడిపోతుంది.

దక్షిణపు అంచు మీద ఒక వేలు, అడుగున నది మీద ఇంకో వేలు పెట్టి మధ్యలోని గీతలను లెక్కపెట్టవచ్చు. అంచు సముద్ర మట్టానికి ఇంచుమించు 7,000 అడుగుల ఎత్తున ఉంది. బ్రైట్ ఏంజెల్ వాగు కలిసే చోట నది దాదాపు 2,400 అడుగుల దగ్గర పారుతోంది. ఒక గీతకూ పక్క గీతకూ మధ్య ఎత్తులో తేడా 50 అడుగులు. అంటే అంచు నుంచి నీటి దాకా 92 గీతలు దాటాలి. కడప జిల్లా గండికోటను ‘భారతదేశపు గ్రాండ్ కేన్యన్’ అని పిలవడం మనకు అలవాటు. అక్కడ పెన్నా గోడల ఎత్తు సుమారు 300 అడుగులు. ఇదే పద్ధతిలో గీస్తే ఆరు గీతలు. గండికోట అందానికి ఈ లెక్కతో వచ్చే లోటేమీ లేదు. అయితే ఆరుకూ తొంభై రెండుకూ ఉన్న దూరాన్ని ఫొటో చూపలేదు. ఈ పటం చూపగలదు.

కాంటూరు రేఖ అంటే ఏమిటో చెరువు గట్టు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. వేసవిలో చెరువు ఎండుతూ ఉంటే, నీరు నిలిచి తగ్గిన మట్టాల దగ్గర గట్టు చుట్టూ చారలు మిగులుతాయి. ఒక చార పొడవునా ఎక్కడ నిలబడినా ఎత్తు ఒకటే. గట్టు ఏటవాలుగా దిగే చోట చారలు దూరం దూరంగా పడతాయి, నిటారుగా ఉన్న చోట దగ్గరగా చేరతాయి. ఈ చారలను పైనుంచి చూసి కాగితం మీద గీస్తే అదే కాంటూరు పటం. గ్రాండ్ కేన్యన్ లాంటి చోట ఈ ఊహ ఇంకా బాగా పనికొస్తుంది. ఆ లోయను అంచు దాకా నింపి, యాభై అడుగులకొకసారి ఆగుతూ ఖాళీ చేశారనుకుంటే చాలు.

బ్రైట్ ఏంజెల్ షీటు గొప్పతనం గీతల సంఖ్యలో లేదు, అవి ఎక్కడ గుమిగూడాయో ఎక్కడ విడిపోయాయో అందులో ఉంది. దక్షిణపు అంచు నుంచి కిందికి దిగుతూ వస్తే ముందు ఒక దట్టమైన కట్ట తగులుతుంది. అది కైబాబ్ సున్నపురాయి, ఆ కింద లేత రంగు కొకోనినో ఇసుకరాయి గోడ. తర్వాత గీతలు కాస్త సడలి, మెట్లు మెట్లుగా పడతాయి. అవి సుపాయ్ అనే ఎర్ర రాళ్ల పొరలు. ఆ తర్వాత మళ్లీ గట్టి కట్ట. అది రెడ్‌వాల్ సున్నపురాయి, సుమారు 500 అడుగుల నిలువు గోడ. దాన్ని దాటి కొంత దిగాక గీతలు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు విడిపోతాయి. నదికి ఇరువైపులా విశాలమైన అరుగు పరుచుకుంటుంది. దాని పేరు టోంటో ప్లాట్‌ఫాం. అక్కడున్నది మెత్తటి షేల్ రాయి. వానకూ ఎండకూ సులువుగా కరిగి వెనక్కి జరిగిపోయింది, అందుకే గోడలా నిలవలేకపోయింది. అరుగు అంచు దాటితే చివరి కట్ట. నల్లటి పురాతన శిలల గొంతు, దాని అడుగున నీలి గీతగా నది.

రాయి పేరు ఒక్కటీ అచ్చువేయకుండానే ఈ పటం ఏ రాయి గట్టిదో ఏది మెత్తనిదో చెప్పేస్తుంది. గట్టి పొర గోడ కడుతుంది, మెత్తటి పొర వాలు పరుస్తుంది. తడి ప్రాంతాల్లో ఈ తేడాను మట్టీ చెట్లూ కప్పేస్తాయి. ఎడారిలో కప్పడానికి ఏమీ లేదు. నల్లమలలో కృష్ణ కోసుకుంటూ వెళ్లిన లోయకూ దీనికీ చూపులో తేడా అక్కడే. అక్కడ అడవి ఒక దుప్పటి. ఇక్కడ నేల ఎముకలు బయటే కనిపిస్తాయి.

ఇంకొంచెం ఓపిక పడితే ఇంతకన్నా పెద్ద సంగతి బయటపడుతుంది. నది లోయకు నట్టనడుమ లేదు. దక్షిణపు అంచుకు దగ్గరగా, ఉత్తరపు అంచుకు దూరంగా పారుతోంది. దక్షిణం నుంచి వచ్చే వాగులు పొట్టివి. అంచు కిందనే పుట్టి నిట్టనిలువుగా నదిలో పడతాయి. ఉత్తరం నుంచి వచ్చేవి పొడవైనవి. అవి పీఠభూమి లోపలికి చాలా దూరం తొలుచుకుపోయాయి. ఎందుకిలా? జవాబు పటం మీదే ఉంది. ఉత్తరపు అంచు దగ్గర అంకెలు 8,000 దాటుతాయి. దక్షిణాన అవి 7,000 దగ్గర ఆగిపోతాయి. పైగా దక్షిణపు అంచును దాటి ఇంకా దక్షిణానికి వెళ్తూ ఉంటే అంకెలు పెరగవు, తగ్గుతాయి. మొత్తం నేల దక్షిణానికి వాలి ఉందన్నమాట. ఉత్తరాన కైబాబ్ పీఠభూమి మీద పడిన వానా మంచూ లోయలోకే వస్తాయి, వస్తూ వస్తూ గోడలను తొలుస్తాయి. దక్షిణాన పడిన వాన లోయకు వీపు తిప్పి వెళ్లిపోతుంది. అంచు మీద నిలబడి గంటసేపు చూసినా తట్టని ఈ కారణం, టేబుల్ మీద పరిచిన కాగితంలో పావుగంటలో దొరుకుతుంది.

అలాంటిదే మరొకటి. బ్రైట్ ఏంజెల్ వాగు లోయ ఈశాన్యం నుంచి నైరుతికి దాదాపు గీత గీసినట్టు వస్తుంది. నదికి అవతల, దక్షిణపు గోడలో, అదే గీత మీద ఇంకో చీలిక. నీళ్లు వాటంతట అవి ఇంత తిన్నగా ఎక్కడా పారవు. అక్కడ నేలలో ఒక పగులు ఉంది. దాన్ని బ్రైట్ ఏంజెల్ భ్రంశం అంటారు. పగులు వెంట రాయి నలిగిపోయి ఉండటం వల్ల నిలువు గోడలు అక్కడ మాత్రం కూలి, మనిషి నడవగలిగే వాలు ఏర్పడింది. అంచు నుంచి దిగే ప్రధానమైన కాలిబాట ఆ వాలు మీదే ఉంది. ముందు అక్కడి ఆదివాసులైన హవసుపాయి జనం నడిచిన బాట అది. తర్వాత గని పనివాళ్లు వెడల్పు చేశారు. ఈ పటం తయారైన రోజుల్లో రాల్ఫ్ కామెరాన్ అనే వ్యాపారి ఆ బాట మీద తలకు ఒక డాలర్ సుంకం వసూలు చేసేవాడు. గోధుమ రంగు గీతలు ఎక్కడ సడలాయో అక్కడే నల్లటి చుక్కల బాట దిగుతుంది. భూగర్భ శాస్త్రమూ మనుషుల చరిత్రా కలిసిన చోటు అది.

ఈ గీతలు గీసిన మనిషి ఫ్రాంస్వా ఎమిల్ మాథెస్. 1874లో ఆమ్‌స్టర్‌డాంలో పుట్టి, అమెరికాలో ఇంజనీరింగ్ చదివి, 1896లో జియలాజికల్ సర్వేలో చేరాడు. గ్రాండ్ కేన్యన్ పని మొదలుపెట్టేనాటికి, అంటే 1902లో, అతని వయసు ఇరవై ఎనిమిదేళ్లు. అతనికన్నా ముందు ఈ లోయను గీసినవారు లేకపోలేదు. 1857–58లో ఆవిరి పడవలో నదికి ఎదురు వచ్చిన లెఫ్టినెంట్ ఐవ్స్ బృందంలో ఎగ్లాఫ్‌స్టైన్ అనే చిత్రకారుడు నీడలతో ఒక పటం తయారుచేశాడు. ఈ పనికిరాని చోటికి మళ్లీ ఎవరూ రారని ఐవ్స్ తన నివేదికలో రాశాడు. ఇప్పుడు అక్కడికి ఏటా లక్షల్లో జనం వస్తారు. 1869లో, అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న జాన్ వెస్లీ పావెల్ నాలుగు పడవలతో నది పొడవునా దిగాడు. 1880లలో జియలాజికల్ సర్వే ఈ ప్రాంతానికి తొలి కాంటూరు షీట్లు వేసింది. అయితే వాటి స్కేలు రెండున్నర లక్షలకు ఒకటి, గీతకూ గీతకూ మధ్య 250 అడుగులు. రెడ్‌వాల్ గోడ మొత్తం ఆ పటాల్లో రెండు గీతలు. గోడకూ వాలుకూ తేడా అందులో నిలవదు.

మాథెస్‌కు ఇచ్చిన స్కేలు 48,000కు ఒకటి. పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 480 మీటర్లు. రెండున్నర లక్షల స్కేలు నుంచి ఇక్కడికి రావడం, వీధి చివరి నుంచి చూసిన మనిషి దగ్గరికి వెళ్లి ముఖంలో ముడతలు చూడటం లాంటిది.

పనిముట్టు చాలా మామూలుది. మూడు కాళ్ల మీద నిలిపిన డ్రాయింగు బల్ల, దాని మీద బిగించిన కాగితం, కాగితం మీద కదిలే దుర్భిణి ఉన్న స్కేలుబద్ద. సివిల్ ఇంజనీరింగ్ చదివిన తెలుగువారికి ఇది తెలిసిన వస్తువే, ప్లేన్ టేబుల్. ముందుగా కచ్చితంగా కొలిచిన కొన్ని స్థానాలను కాగితం మీద గుర్తిస్తారు. ఒక స్థానంలో బల్ల నిలిపి, దూరంగా కనిపించే ఒక శిఖరం వైపు దుర్భిణి తిప్పి, ఆ దిశలో గీత గీస్తారు. ఇంకో స్థానానికి వెళ్లి అదే శిఖరం వైపు ఇంకో గీత. రెండూ కలిసిన చోట శిఖరం. దూరం తెలిశాక, దుర్భిణి ఎంత పైకి లేదా కిందికి వంగిందో చూస్తే ఎత్తు తెలుస్తుంది. మూడు కిలోమీటర్ల దూరంలోని బండ కోసం దుర్భిణిని ఐదు డిగ్రీలు కిందికి వంచాల్సి వస్తే, ఆ బండ 262 మీటర్లు కింద ఉన్నట్టు.

వినడానికి సులువైన ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. పది మైళ్ల అవతలి శిఖరాన్ని చూసేటప్పుడు భూమి గుండ్రదనం అడ్డువస్తుంది. గాలి పొరల్లో వెలుతురు వంగడం అందులో కొంత సరిచేస్తుంది. రెండూ కలిపి చూస్తే పది మైళ్ల దూరాన దాదాపు 57 అడుగుల తేడా. కాంటూరు అంతరం యాభై అడుగులే. ఆ సవరణ మరిచిపోతే ఒక గీత మొత్తం తప్పుతుంది. రెండు అంచుల మధ్య వెడల్పు చాలాచోట్ల పది మైళ్లే కాబట్టి, ఎదుటి అంచు వైపు చూసిన ప్రతిసారీ ఈ లెక్క వేసుకోక తప్పదు.

అసలు కష్టం లెక్కలది కాదు. ఒక స్థానంలో నిలబడి సర్వేయరు కచ్చితంగా కొలవగలిగేది కొన్ని బిందువులనే. మిగతాదంతా కంటితో చూస్తూ, ఆ బిందువుల మధ్య, అక్కడికక్కడే గీయాలి. ఈ గోడ ఇక్కడ ఎంత లోపలికి మలుపు తిరిగింది, ఆ వాగు ఎక్కడ మొదలైంది, ఈ అరుగు ఎక్కడ సన్నబడింది అన్నది ప్రతి గీతలోనూ నిర్ణయమే. గీస్తున్న మనిషికి నేల ఎలా ఏర్పడిందో తెలిస్తే గీత ఒకలా వస్తుంది, తెలియకపోతే ఇంకోలా వస్తుంది. మాథెస్ తర్వాతి కాలంలో యోసెమిటీ లోయను హిమానీనదాలు ఎలా చెక్కాయో వివరించిన భూగర్భ శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. ఆ చూపు ఈ షీటులోనే ఉంది. ఇక్కడ రాయి మెత్తబడే చోట గీత మెత్తబడుతుంది, విరిగే చోట విరుగుతుంది.

అంచు మీద నుంచి గీయగలిగినది దక్షిణపు సగమే. ఉత్తరపు సగానికి నది దాటాలి. ఆ రోజుల్లో అక్కడ వంతెన లేదు. 1902 వేసవిలో మాథెస్ బృందం పడమరన విలియం బాస్ అనే స్థానికుడి రేవు దగ్గర దాటింది. ఉత్తరపు అంచు మీద పని అయ్యేసరికి నవంబరు వచ్చింది, మంచు మొదలైంది. అంతకు ముందే ఆ పైన వాళ్లకు ఇద్దరు మనుషులు, అలిసిపోయిన ఒక గాడిద ఎదురుపడ్డారు. వాళ్లు బ్రైట్ ఏంజెల్ వాగు వెంట ఎక్కి వచ్చినవారు. గాడిద ఎక్కగలిగిన దారిలో గుర్రాలు దిగగలవని లెక్క వేసుకుని బృందం ఆ వాగు లోయలోకి దిగింది. దారిలో వాగును తొంభై నాలుగు సార్లు దాటాల్సి వచ్చింది. ఇప్పుడు ఉత్తరపు అంచు నుంచి దిగే ముఖ్యమైన నడకదారి ఆ లోయ వెంటే ఉంది. పటం తీయడానికి వెళ్లిన నడకే దారికి పునాది వేసింది.

అలా లోయ దగ్గర గీసిన గీతలు వాషింగ్టన్ చేరాక రాగి రేకు మీదికి ఎక్కేవి. రంగుకు ఒక రేకు చొప్పున మూడు రేకులు. చెక్కేవాడు సన్నటి ఉలితో ప్రతి గీతనూ తిరగేసి, అద్దంలో ప్రతిబింబంలా, రాగిలో తొలిచేవాడు. పొరపాటు వస్తే రేకును వెనక నుంచి సుత్తితో కొట్టి, ఆ చోటును మళ్లీ చదును చేసి, కొత్తగా చెక్కాలి. రెడ్‌వాల్ గోడ దగ్గర ఆ పని ఎంత నాజూకైనదో ఒక లెక్కతో తేలుతుంది. అక్కడ 500 అడుగుల ఎత్తులో పది గీతలు పట్టాలి. ఒక్కో గీతకూ దాని పక్క సందుకూ చెరో మిల్లీమీటరులో పదో వంతు ఇచ్చినా, కట్ట మొత్తం రెండు మిల్లీమీటర్లు తీసుకుంటుంది. నేల మీద అది 96 మీటర్ల వెడల్పు. నిలువు గోడకు అంత వెడల్పు ఉండదు. కాబట్టి గీతలను ఒకదానిలో ఒకటి కలిపేయాలి, లేదా పక్క వాలు నుంచి కాస్త చోటు అప్పు తెచ్చుకోవాలి. ఎక్కడ ఏది చేయాలో ఏ సూత్రమూ చెప్పదు. కంప్యూటర్ కొలతల నుంచి గీసే నేటి కాంటూర్లు ఎత్తుల విషయంలో వీటికన్నా నిక్కచ్చిగా ఉంటాయి, సందేహం లేదు. అయినా కొండను చదవడం నేర్చుకునేవారు ముందుగా చూడవలసింది చేత్తో గీసిన ఇలాంటి షీటునే. ఇందులో ఏది ముఖ్యమో తెలిసిన చెయ్యి ఉంది.

తెలుగు పాఠకుడు ఈ పటం చూడగానే ఆగిపోయేది మాత్రం గీతల దగ్గర కాదు, నల్ల అక్షరాల దగ్గర. లోయ మధ్యలో విడిగా నిలిచిన కొండల పేర్లు చదివితే విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, కృష్ణ ష్రైన్ లాంటివి ఈ షీటులోనూ పక్క షీటులోనూ కనిపిస్తాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, పిల్లల చదువు చూడటానికి వెళ్లిన తల్లిదండ్రులు అంచు మీద నిలబడి ఈ పేర్లు విని ఆశ్చర్యపడుతుంటారు. అక్కడ గుళ్లూ లేవు, పూర్వం హిందువులూ లేరు. ఈ పేర్లకు ఆద్యుడు క్లారెన్స్ డటన్ అనే సైనికాధికారి. అతను భూగర్భ శాస్త్రవేత్త కూడా. 1882లో వచ్చిన తన బృహత్ గ్రంథంలో ఈ కొండలను వర్ణించడానికి యూరప్ వాస్తుశిల్పపు మాటలు చాలవనుకుని తూర్పు దేశాల వైపు చూశాడు. మెట్లు మెట్లుగా, ఒక అంతస్తు మీద ఇంకో అంతస్తుగా లేచిన ఆ ఆకారాల్లో అతనికి గోపురాలు కనిపించాయి. గ్రాండ్ కేన్యన్‌లోని ఆ శిథిల దృశ్యం లయకారుడు నివసించడానికి తగినదే అన్న అర్థంలో శివుడి పేరు పెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత మాథెస్ అదే ధోరణి కొనసాగించాడు. కృష్ణ ష్రైన్ అతను పెట్టిన పేరు. ఉత్తర యూరప్ పురాణాల దేవుడి పేరుతో వోటాన్స్ త్రోన్ కూడా అతనిదే.

పటం మీద ఎక్కిన పేరు అక్కడితో ఆగదు. లోయ అడుగున నది చెక్కుతున్న నల్లటి శిలలకు శాస్త్రవేత్తలు ‘విష్ణు షిస్టు’ అని పేరు పెట్టారు. షిస్టు అంటే వేడికీ ఒత్తిడికీ మారి, రేకులు రేకులుగా విడిపోయే రాయి. తర్వాత ‘బ్రహ్మ షిస్టు’, ‘రామ షిస్టు’ చేరాయి. దాదాపు 170 కోట్ల సంవత్సరాల నాటి రాళ్లవి. ప్రపంచంలో ఏ మూల భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థి అయినా గ్రాండ్ కేన్యన్ పాఠంలో ఈ మాటలు రాయాల్సిందే. కాపీ చేసిన పటాల మీదుగా, పాఠ్యపుస్తకాల మీదుగా ఒక పేరు ఎంత దూరం పోగలదో దీనికన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ కొండల్లో శివ టెంపుల్ కథ కాంటూరు పటం చదవడానికి చక్కటి పరీక్ష. దాని తల చదునుగా, పైన అడవితో, నాలుగువైపులా గోడలతో ఉంటుంది. పీఠభూమి నుంచి వేల ఏళ్ల క్రితం విడిపోయింది కాబట్టి అక్కడ చిక్కుకున్న జంతువులు వేరే రకంగా మారి ఉండవచ్చని 1937లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఒక బృందాన్ని పంపింది. హెరాల్డ్ ఆంథొనీ దానికి నాయకుడు. పత్రికలు దాన్ని తప్పిపోయిన లోకంగా వర్ణించాయి. బృందానికి దొరికినవి అంచు మీద తిరిగే ఎలుకలూ ఉడతల లాంటివే. పైగా వాళ్లకన్నా ముందే స్థానిక ఫొటోగ్రాఫర్ ఎమరీ కోల్బ్ ఆ కొండ ఎక్కి ఉన్నాడు. అతను వదిలిన ఫిల్ము పెట్టె అక్కడ దొరికింది. పటం ముందుపెట్టుకుని చూస్తే ఇందులో వింత లేదు. శివ టెంపుల్‌కూ ఉత్తరపు అంచుకూ మధ్య గీతలు నది దాకా పడిపోవు. ఒక వీపులా కొంత దిగి, మళ్లీ లేస్తాయి. మనిషి ఎక్కగలిగిన ఆ వీపు మీదుగా ఎలుక రాలేదనుకోవడానికి కారణం కనిపించదు. ద్వీపం అవునో కాదో చెప్పేది శిఖరం ఎత్తు కాదు, రెండు ఎత్తుల మధ్య ఉన్న అతి తక్కువ అంకె.

ఇన్నేళ్లలో గోధుమ రంగు పెద్దగా మారలేదు. మనిషి ఆయుర్దాయం ఆ రాళ్లకు లెక్కలోకి రాదు. మారింది నీలం. మాథెస్ గీసిన కొలరాడో ఎర్రటి బురద నీటి నది. స్పానిష్ భాషలో ఆ పేరుకు అర్థం కూడా ఎర్రనిదనే. రాకీ పర్వతాల్లో మంచు కరిగే మే, జూన్ నెలల్లో అది ఉప్పొంగేది. 1921 జూన్‌లో ఎగువన లీస్ ఫెర్రీ దగ్గర సుమారు 2,20,000 క్యూసెక్కులు పారిందని అంచనా. 1923లో క్లాడ్ బర్డ్స్‌ఐ నాయకత్వంలో సర్వే బృందం పడవల్లో లోయ పొడవునా దిగి, నీటి వాలునూ ఆనకట్టలకు పనికొచ్చే చోట్లనూ కొలిచింది. వాళ్ల దగ్గరున్న రేడియోలో అధ్యక్షుడు హార్డింగ్ మరణవార్త లోయ అడుగున వినిపించింది. ఒక వడి ప్రవాహానికి ఆయన పేరు పెట్టారు. ఆ సర్వే ఉద్దేశమే ఆనకట్టలు. 1935 నాటికి దిగువన హూవర్ డ్యాం పూర్తయింది. 1963లో ఎగువన గ్లెన్ కేన్యన్ డ్యాం గేట్లు మూతపడ్డాయి. ఇప్పుడు బ్రైట్ ఏంజెల్ దగ్గర నది సాధారణంగా 8,000 నుంచి 25,000 క్యూసెక్కుల మధ్య, కరెంటు అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ పారుతుంది. బురద ఎగువ జలాశయంలో ఆగిపోవడంతో నీరు ఏడాదిలో చాలాకాలం ఆకుపచ్చగా, చల్లగా ఉంటుంది. ఒడ్డున ఇసుక మేటలు కోతకు గురవుతున్నాయి, వాటిని నింపే సహజమైన వరద రాదు. శ్రీశైలం దిగువన కృష్ణను చూసినవారికి ఈ మార్పు కొత్త కాదు. పాత షీటు మీది నీలి గీత ఇక లేని ఒక నదిది.

పాత షీటును ఈనాటి ఫోనులో జీపీఎస్‌తో కలిపి చూడాలనుకునేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆ కాలంలో అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టిన ఆధారం వేరు, ఇప్పుడు జీపీఎస్ వాడేది వేరు. సరిచేయకుండా ఒకదాని మీద ఒకటి పెడితే స్థానం పదుల మీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పక్కకు జరుగుతుంది. కాగితం కూడా వందేళ్లలో తేమకు సాగి, ఎండకు కుంచించుకుని ఉంటుంది. ఇక అంచులో ముద్రించిన అయస్కాంత ఉత్తరపు కోణం ఆనాటిది, ఇప్పటి దిక్సూచికి అది వర్తించదు. పటంలో చూపిన బాటల్లో కొన్ని కొండచరియలు విరిగి మాసిపోయాయి. ఎడారిలో ఈ పొరపాట్లు ప్రాణం మీదికి తెస్తాయి. లోయ అడుగున వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దిగేటప్పుడు సులువనిపించిన తొంభై రెండు గీతలు ఎక్కేటప్పుడు లెక్కకు వస్తాయి. చదవడానికి పాత షీటు, నడవడానికి కొత్త షీటు. జియలాజికల్ సర్వే తన పాత పటాలను, ఒక లక్షా డెబ్బై వేలకు పైగా, స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. భూతద్దం అక్కరలేకుండానే ఒక్కో గీతనూ తెర మీద పెంచి చూడవచ్చు.

అలా పెంచి చూసేటప్పుడు బ్రైట్ ఏంజెల్ బాట వెంట సగం దూరం దిగాక, టోంటో అరుగు మీద, ఒక చిన్న నీలి గీత కనిపిస్తుంది. అక్కడ ఊట ఉంది. ఎడారి పటంలో ఏ శిఖరం కన్నా విలువైన గుర్తు అది. ఆ ఊట పక్కన హవసుపాయి జనం తరతరాలుగా పొలాలు వేసుకున్నారు. తమ భాషలో ఆ చోటును హా ఆ గ్యో అనేవారు. పటాల మీద మాత్రం ‘ఇండియన్ గార్డెన్’ అని పడింది. విష్ణువుకూ వోటాన్‌కూ కొండలు దక్కిన ఆ లోయలో, నీళ్లు తోడుకుని బతికినవారు ఆ ఊటకు పెట్టిన పేరు పటం మీదికి ఎక్కలేదు. ఇది మాథెస్ ఒక్కడి లోపం కాదు, ఆ కాలపు పద్ధతి అది. కానీ లోపం లోపమే, దాని ఫలితం కాగితం మీదే ఆగలేదు. 1919లో నేషనల్ పార్కు ఏర్పడింది. 1928లో ఆ తోటలో మిగిలిన చివరి హవసుపాయి నివాసి కెప్టెన్ బుర్రోను అక్కడి నుంచి వెళ్లగొట్టారు. ఆ జాతి తరఫున చాలాకాలం సాగిన విన్నపాల తర్వాత 2022 నవంబరులో అమెరికా ప్రభుత్వం ఆ చోటి పేరును ‘హవసుపాయి గార్డెన్స్’గా మార్చింది. కొత్త షీటు మీద ఆ పేరే ఉంది. దాని కింద కాంటూరు గీత మాత్రం 3,800 అడుగుల దగ్గర, మాథెస్ గీసినప్పుడు తిరిగినట్టే, ఊట వైపు మలుపు తిరుగుతుంది.